కైగా అణువిద్యుత్కేంద్రం – దక్షిణాది గ్రిడ్: నిలకడ విద్యుత్తు చరిత్ర

వ్యాస సంగ్రహం

అణువిద్యుత్కేంద్రం రాత్రింబవళ్ల తేడా లేకుండా, ఋతువులతో నిమిత్తం లేకుండా ఒకే మోతాదులో కరెంటు ఇస్తుందని సాధారణంగా చెప్పుకుంటారు. ఈ నిలకడ రియాక్టరుకు పుట్టుకతో వచ్చిన గుణమని భావించడం పరిపాటి. కర్ణాటకలోని కైగా కేంద్రం చరిత్రను పరిశీలిస్తే ఈ భావన సగమే నిజమని తేలుతుంది. భారజల రియాక్టరు నిర్మాణంలో నిరంతరాయంగా నడవగల అవకాశం ఉంది. ఆ అవకాశం ఆచరణకు రావడానికి గ్రిడ్ క్రమశిక్షణ, యురేనియం సరఫరా, నదిలో నీరు అనే మూడు బయటి విషయాలు కుదరవలసి వచ్చింది. అవి కుదరడానికి సుమారు పదిహేనేళ్లు పట్టింది. ఆ కాలక్రమాన్ని, అందులో హైదరాబాదు, మణుగూరు, తుమ్మలపల్లెల పాత్రను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: కైగా, భారజల రియాక్టరు, దక్షిణాది గ్రిడ్, పౌనఃపున్యం, యురేనియం, మణుగూరు, కాళీ నది.

1. వానను నమ్ముకున్న కరెంటు

దక్షిణ భారతంలో పెద్ద ఎత్తున విద్యుదుత్పత్తి నీటితో మొదలయింది. 1902లో కావేరి మీది శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు కరెంటు చేరింది. అటు తరువాత పైకారా, మేట్టూరు, ఆంధ్ర–ఒడిశా సరిహద్దున 1955లో మాచ్‌ఖండ్, 1960లలో మైసూరు రాష్ట్రంలో శరావతి వరుసగా వచ్చాయి. రెండు మూడు తరాలపాటు దక్షిణాది వారికి కరెంటంటే జలాశయమే.

నీటి కరెంటు చవక. ఆడించడం సులువు. గేటు ఎత్తితే నిమిషాల్లో టర్బైను తిరుగుతుంది, దించితే ఆగుతుంది. దాని బలహీనత అంతా వానలో ఉంది. నైరుతి ఋతుపవనం ముఖం చాటేసిన ఏడాది జలాశయాలు అడుగంటేవి, ఎండాకాలానికి కరెంటు కోతలు వచ్చేవి. పొలంలో మోటారు, పట్నంలో మగ్గం, బెంగళూరులో కర్మాగారం ఒకే జలాశయం మట్టాన్ని చూసుకుంటూ నడవవలసి వచ్చేది. బొగ్గు ఈ లోటును కొంత తీర్చింది. అయితే దక్షిణాదిలో చెప్పుకోదగిన నల్లబొగ్గు గోదావరి లోయలోని సింగరేణి ఒక్కటే. తమిళనాడుకు నైవేలి లిగ్నైటు ఉంది. కర్ణాటకకు, కేరళకు అదీ లేదు. 1985లో తొలి యూనిట్ మొదలైన రాయచూరు థర్మల్ కేంద్రం కూడా సింగరేణి బొగ్గు మీద ఆధారపడినదే.

బొగ్గు క్షేత్రాలకు దూరంగా ఉన్న ప్రాంతాలలో అణువిద్యుత్తు గిట్టుబాటు అవుతుందని హోమీ భాభా 1950లలోనే వాదించాడు. రైలు బండ్లలో బొగ్గు మోసే ఖర్చు దూరంతోపాటు పెరుగుతుంది. అణు ఇంధనం బరువు అతి స్వల్పం కనుక దూరం లెక్కలోకి రాదు. బొంబాయికి, అహమ్మదాబాదుకు నడుమ తారాపూర్ కేంద్రం 1969లో వాణిజ్య ఉత్పత్తి ప్రారంభించడం వెనక ఉన్నది ఈ వాదమే. దక్షిణాదిలో ఇదే వాదం మొదట కల్పాక్కంలో రూపు దాల్చింది. అక్కడి మొదటి యూనిట్ 1984 జనవరిలో, రెండవది 1986 మార్చిలో వాణిజ్య ఉత్పత్తికి వచ్చాయి. కొద్ది ఏళ్లకే రియాక్టరు లోపల భారజలాన్ని పంపే గొట్టపు భాగం దెబ్బతిన్నందున ఆ రెంటినీ 170 మెగావాట్లకు కుదించి నడపవలసి వచ్చింది. పూర్తి సామర్థ్యం తిరిగి రావడానికి 2000 దశకం దాకా ఆగవలసి వచ్చింది. అణువిద్యుత్తు అంటే నిలకడ అన్న మాట దక్షిణాదిలో తొలి పరీక్షలోనే తడబడిందన్నమాట.

2. ఆగకుండా నడవగల యంత్రం

కైగాలో ఉన్నవి నాలుగు భారజల రియాక్టర్లు. ఒక్కొక్కటి 220 మెగావాట్లది. వీటి నిర్మాణాన్ని కొంత వివరంగా చూడక తప్పదు, ఎందుకంటే నిలకడకు మూలం అక్కడ ఉంది.

ప్రకృతిలో దొరికే యురేనియంలో విచ్ఛిత్తి చెందగల యురేనియం–235 నూటికి 0.7 పాలు మాత్రమే. అమెరికా, రష్యా తరహా రియాక్టర్లలో దీని పాలు పెంచి, శుద్ధి చేసిన ఇంధనం వాడతారు. ఇంధనాన్ని ఒక పెద్ద ఉక్కు పాత్రలో ఒక్కసారి నింపి మూత బిగిస్తారు. ఏడాదికో, ఏడాదిన్నరకో రియాక్టరును ఆపి, చల్లార్చి, మూత తీసి, ఇంధనంలో కొంత భాగం మారుస్తారు. తమిళనాడులోని కూడంకుళం 1000 మెగావాట్ల యూనిట్లు ఈ కోవకు చెందినవి. అవి ఎంత బాగా నడిచినా ఇంధనం మార్చే వారాలలో గ్రిడ్‌కు దూరమవుతాయి.

భారజల రియాక్టరు పద్ధతి వేరు. అందులో ఒక పెద్ద పాత్రకు బదులు అడ్డంగా అమర్చిన 306 గొట్టాలు ఉంటాయి. ఒక్కో గొట్టంలో సుమారు అర మీటరు పొడవున్న 12 ఇంధన కట్టలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. ఒక్కో కట్టలో 19 కడ్డీలు. గొట్టాల చుట్టూ భారజలం ఉండి న్యూట్రాన్ల వేగాన్ని తగ్గిస్తుంది. రియాక్టరుకు రెండు వైపులా రెండు యంత్రాలు ఉంటాయి. ఏ గొట్టంలో ఇంధనం అలసిపోయిందో లెక్కించి, ఒక యంత్రం ఆ గొట్టానికి ఒక కొసను పట్టి కొత్త కట్టలను లోపలికి నెడుతుంది, రెండవది అవతలి కొసన పాత కట్టలను అందుకుంటుంది. ఇదంతా రియాక్టరు పూర్తి శక్తితో నడుస్తుండగానే జరుగుతుంది. ఆరని పొయ్యిలో కట్టెలు ఎగదోసే తీరు ఇది.

భారత శాస్త్రజ్ఞులు ఈ రకాన్ని ఎంచుకున్నది నిలకడ కోసం కాదు. యురేనియం శుద్ధి చేసే సాంకేతికత చేతిలో లేనందున సహజ యురేనియంతో నడిచేదాన్ని ఎంచుకున్నారు. కెనడా సహకారంతో రాజస్థాన్‌లో మొదలై, 1974 పోఖ్రాన్ పరీక్ష తరువాత ఆ సహకారం తెగిపోయినా, దేశంలో ఈ రకమే స్థిరపడింది. ఆగకుండా ఇంధనం మార్చుకోగల గుణం ఆ ఎంపికతోపాటు వచ్చిన లాభం. సహజ యురేనియంలో దహించగల పాలు తక్కువ కనుక రోజూ కొద్ది కొద్దిగా మార్చక తప్పదు. అవసరమే ఇక్కడ సౌలభ్యమయింది.

అయితే ఈ యంత్రానికి ఒక మొండితనం కూడా ఉంది. రియాక్టరు నడిచేటప్పుడు పుట్టే అయోడిన్–135 కొన్ని గంటల్లో జెనాన్–135గా మారుతుంది. జెనాన్ న్యూట్రాన్లను విపరీతంగా మింగుతుంది. రియాక్టరు నడుస్తున్నంతసేపూ పుట్టిన జెనాన్ పుట్టినట్టే దహించుకుపోతుంది. హఠాత్తుగా ఆగినప్పుడు అది పేరుకుపోతుంది. అరగంట, ముప్పావుగంటలో తిరిగి లేపలేకపోతే జెనాన్ క్షీణించేదాకా, అంటే దాదాపు ఒకటిన్నర రోజు, రియాక్టరు లేవదు. గ్రిడ్‌లో పది నిమిషాల అలజడికి మూల్యం ముప్పై ఆరు గంటల నష్టం కావచ్చు. నిలకడగా ఉంచితే ఈ యంత్రం అంతకంటే నిలకడగా ఉంటుంది, కదిలిస్తే మొరాయిస్తుంది. కైగా తొలి ఏళ్ల కథ అంతా ఈ గుణం చుట్టూ తిరుగుతుంది.

3. కాళీ నది ఒడ్డున

ఉత్తర కన్నడ జిల్లాలో కార్వార్‌కు లోపలగా, పశ్చిమ కనుమల అడవుల నడుమ కాళీ నది ఎడమ గట్టున కైగా గ్రామం ఉంది. ఆ నదికి పైన సూపా ఆనకట్ట, నాగఝరి విద్యుత్కేంద్రం, కొడసళ్లి ఉన్నాయి. దిగువన కద్రా. కైగాకు చల్లదనం కోసం కావలసిన నీరు కద్రా జలాశయం నుంచే వస్తుంది. కల్పాక్కం, తారాపూర్‌లకు సముద్రం ఆసరా. కైగాకు మంచినీటి జలాశయమే ఆసరా. నది మీది జలవిద్యుత్తుకు ప్రత్యామ్నాయంగా కట్టిన కేంద్రం అదే నది మీద ఆధారపడడం గమనించదగినది.

ఈ స్థలం ఎంపికను వ్యతిరేకించినవారు తక్కువ కారు. వారికి ముందు నిలిచిన ప్రముఖుడు కన్నడ రచయిత శివరామ కారంత్. దట్టమైన అడవి, భారీ వర్షపాతం, ఎగువన ఆనకట్టలు, అప్పటికే జలవిద్యుత్ ప్రాజెక్టుల కోసం ఊళ్లు ఖాళీ చేసిన లోయ – ఇవన్నీ వారి వాదంలో భాగాలు. నిలకడ కరెంటు దూరపు పట్నాలకు వెళ్తుందనీ, ముప్పు మాత్రం లోయలో మిగులుతుందనీ వారు అన్నారు. ఈ అభ్యంతరానికి సాంకేతిక సమాధానం లేదు. అది న్యాయానికి సంబంధించిన ప్రశ్న. ప్రభుత్వం నిర్మాణాన్ని కొనసాగించింది. 1989లో మొదటి రెండు యూనిట్లకు కాంక్రీటు పడింది.

1994 మే 13న మొదటి యూనిట్ రక్షక గుమ్మటం లోపలి పొర పెళ్లలుగా విడిపోయి కూలింది. సుమారు 130 టన్నుల కాంక్రీటు ముప్పై మీటర్ల ఎత్తు నుంచి పడింది. పద్నాలుగు మంది కార్మికులు గాయపడ్డారు. ఇంధనం ఇంకా చేరని దశ కనుక రేడియోధార్మిక ప్రమాదం లేదు. గుమ్మటంలో బిగించిన ఉక్కు తీగల లాగుడుకు కాంక్రీటు పొరలుగా చీలిందన్నది పరిశీలనలో తేలిన విషయం. అదే రూపకల్పనతో రాజస్థాన్‌లో కడుతున్న మూడు, నాలుగు యూనిట్ల పని కూడా నిలిచింది. గుమ్మటాలను మళ్లీ రూపొందించి, మరింత దృఢమైన కాంక్రీటుతో కట్టారు. యూనిట్ల వరుస కూడా తారుమారయింది. రెండవ యూనిట్ 2000 మార్చి 16న, మొదటిది అదే ఏడాది నవంబరు 16న వాణిజ్య ఉత్పత్తికి వచ్చాయి. తొలి కాంక్రీటు నుంచి పదకొండేళ్లు.

4. గ్రిడ్ నేర్చుకున్న క్రమశిక్షణ

కైగా మొదటి యూనిట్లు చేరిన దక్షిణాది గ్రిడ్ అప్పటికి ఒంటరి ద్వీపం. మిగతా దేశంతో దానికి ఉన్న లంకెలు ఏకముఖ విద్యుత్తు ద్వారా మాత్రమే. విశాఖపట్నంలోని గాజువాక వద్ద 1999లో అటువంటి లంకె ఒకటి మొదలయింది. 2003లో తాల్చేరు నుంచి కోలారుకు 2000 మెగావాట్ల లైను వచ్చింది. ఏకముఖ లంకె కరెంటును మోస్తుంది గాని, పౌనఃపున్యంలో పాలు పంచుకోదు. ఉత్పత్తికి, వాడకానికి తేడా వచ్చిన క్షణాన దక్షిణాది తన బరువు తానే మోయాలి.

పౌనఃపున్యం అన్నది గ్రిడ్‌కు నాడి వంటిది. మన దేశంలో అది సెకనుకు 50 ఆవృత్తాలు ఉండాలి. వాడకం ఉత్పత్తిని మించితే తగ్గుతుంది, వాడకం తక్కువైతే పెరుగుతుంది. 1990లలో దక్షిణాదిన సాయంత్రాల్లో అది 49కి దిగువన గంటల తరబడి ఉండేది. అర్ధరాత్రి దాటాక 50ని మించేది. కారణం యంత్రాల్లో లేదు, లెక్కల్లో ఉంది. కేంద్ర రంగ విద్యుత్తులో ప్రతి రాష్ట్రానికీ వాటా ఉండేది. వాటా మించి లాగుకున్న రాష్ట్ర విద్యుత్ బోర్డు మామూలు ధర చెల్లిస్తే సరిపోయేది. కొరత వేళ ఎక్కువ లాగినా శిక్ష లేదు, మిగులు వేళ ఉత్పత్తి తగ్గించినా బహుమతి లేదు. అటువంటప్పుడు సంయమనం పాటించిన బోర్డే నష్టపోయేది.

భారీ టర్బైనుకు ఇది ప్రాణాంతకం. నిర్ణీత వేగానికి దిగువన తిరిగితే పొడవాటి రెక్కలలో కంపనం పుడుతుంది. అందువల్ల పౌనఃపున్యం ఒక హద్దు దాటి పడితే యంత్రం తనంతట తానే గ్రిడ్ నుంచి విడిపోతుంది. బొగ్గు కేంద్రమైతే కొన్ని గంటల్లో తిరిగి కలుస్తుంది. అణుకేంద్రానికి జెనాన్ అడ్డు వస్తుంది. సరిగ్గా కరెంటు అవసరమైనప్పుడే అది ఒకటిన్నర రోజు దూరమవుతుంది. మరొక చిక్కు భద్రతకు సంబంధించినది. ఆగిన రియాక్టరు కూడా చాలాసేపు వేడి పుట్టిస్తూనే ఉంటుంది. ఆగిన మరుక్షణం ఆ వేడి పూర్తి శక్తిలో నూటికి ఆరేడు పాళ్లు. దాన్ని చల్లార్చే పంపులకు కరెంటు కావాలి. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైను హాలు అగ్నికి ఆహుతై, కేంద్రమంతటా సుమారు పదిహేడు గంటలు కరెంటు లేకపోయింది. సిబ్బంది సాహసం వల్ల పెను ప్రమాదం తప్పింది. అణుకేంద్రం గ్రిడ్‌కు ఇచ్చేదే కాదు, గ్రిడ్ నుంచి పుచ్చుకునేది కూడా ఉందన్న పాఠం అక్కడ స్పష్టమయింది.

మార్పు ఒక ధరల పద్ధతి రూపంలో వచ్చింది. విద్యుత్ రంగ నిపుణుడు భానుభూషణ్ ప్రధానంగా రూపుదిద్దిన ఈ పద్ధతి దక్షిణాదిలో 2003 జనవరి 1న అమలయింది. దాని ప్రకారం ముందురోజు ఇచ్చిన షెడ్యూలు మించి లాగిన కరెంటు ధర ఆ క్షణపు పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది. నాడి పడిపోయిన వేళ ఎక్కువ లాగితే ధర మోయలేనంత పెరుగుతుంది. మిగులున్న వేళ లాగితే దాదాపు ఉచితం. విజ్ఞప్తులు, సమావేశాలు ఏళ్ల తరబడి చేయలేని పనిని మీటరు చేసింది. హైదరాబాదు, బెంగళూరు, చెన్నై, కలమస్సేరిలలోని విద్యుత్ నియంత్రణ గదుల్లో గంట గంటకూ పౌనఃపున్యం చూసుకుంటూ మీటలు వేసే అలవాటు పుట్టింది. నాగార్జునసాగర్‌లోనూ, శ్రీశైలం ఎడమగట్టులోనూ నీటిని తిరిగి పైకి తోడగల యంత్రాలున్నాయి. రాత్రిపూట మిగులు కరెంటుకు విలువ కట్టే పద్ధతి రావడంతో అటువంటి యంత్రాలకు ఆర్థిక అర్థం కూడా ఏర్పడింది.

కైగా కరెంటు ధర మాత్రం ఈ పద్ధతికి వెలుపల ఉంది. అణువిద్యుత్తు ధరను కేంద్రమే నిర్ణయిస్తుంది. బొగ్గు కేంద్రాలకు స్థిర వ్యయం వేరు, ఇంధన వ్యయం వేరు. అణుకేంద్రాలకు యూనిట్‌కు ఒకే ధర. ఖర్చులో ఎక్కువ పాలు నిర్మాణానిదే కనుక నడిపినంత నడపడమే లాభం. అందువల్ల కైగాను ఆడించరు. నాగఝరిని ఆడిస్తారు. ఒకే లోయలో ఒకటి కదలనిది, ఒకటి కదిలేది. మొదటిది నేల, రెండవది దాని మీది అల. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఏకమయింది. ఆనాటి నుంచి గాజువాక, కోలారుల లంకెలకు అవతల ఉన్న కేంద్రాలు కూడా కైగా మోస్తున్న పౌనఃపున్యాన్నే మోయసాగాయి.

5. గని, కార్ఖానా, గోదావరి

గ్రిడ్ చక్కబడుతున్న కాలానికే రెండవ అడ్డంకి ఎదురయింది. అది యురేనియం కొరత.

భారజల రియాక్టర్లకు ఇంధన కట్టలు తయారయ్యేది హైదరాబాదులో. 1971లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో యురేనియం పొడిని గుళికలుగా చేసి, పింగాణీలా కాల్చి, జిర్కోనియం లోహపు గొట్టాలలో నింపి కట్టలుగా కూరుస్తారు. దశాబ్దాలపాటు దానికి ముడి సరుకు జార్ఖండ్‌లోని జాదూగూడ పరిసర గనుల నుంచి వచ్చింది. 1990లలో కొత్త గనుల మీద పెట్టుబడి మందగించింది. రియాక్టర్లు మాత్రం ఒకటొకటిగా పెరిగాయి. రెండు గీతలు 2000 దశకం నడుమ ఒకదాన్నొకటి దాటాయి. దేశంలోని అణుకేంద్రాల సగటు వినియోగ సామర్థ్యం 2008–09లో 50 శాతానికి దిగింది. యంత్రాలు బాగున్నాయి, గ్రిడ్ అడుగుతోంది, అయినా సగం శక్తితో నడిపారు. ఉన్న ఇంధనాన్ని ఎక్కువ రోజులకు సర్దుకోవడం అది.

కైగాలో దీని ప్రభావం మరింత స్పష్టం. మూడవ యూనిట్ 2007 మే 6న వాణిజ్య ఉత్పత్తికి వచ్చింది. నాలుగవది సిద్ధమై ఇంధనం కోసం ఎదురు చూసింది. అది వాణిజ్య ఉత్పత్తికి వచ్చిన తేదీ 2011 జనవరి 20. 2008 సెప్టెంబరులో అణు సరఫరాదారుల బృందం భారత్‌కు మినహాయింపు ఇచ్చాక విదేశీ యురేనియం రాసాగింది. కాని కైగా అంతర్జాతీయ తనిఖీ పరిధిలో లేని కేంద్రం. విదేశీ యురేనియం అక్కడ వాడరాదు. అది రాజస్థాన్ వంటి తనిఖీ పరిధిలోని కేంద్రాలకు వెళ్లింది. అక్కడ మిగిలిన స్వదేశీ యురేనియం కైగాకు దక్కింది. మేలు చుట్టు తిరిగి వచ్చిందన్నమాట. ఇంతలో కడప జిల్లా తుమ్మలపల్లెలో గని, శుద్ధి కర్మాగారం సిద్ధమయ్యాయి. అక్కడి ఖనిజంలో యురేనియం పాలు తక్కువ. సున్నపురాతి పొరల్లో ఉన్నందున జాదూగూడలో వాడే ఆమ్ల పద్ధతికి బదులు క్షార పద్ధతిలో తీయవలసి వచ్చింది. గని చుట్టుపక్కల ఊళ్లలో భూగర్భ జలం గురించిన ఆందోళన నాటి నుంచీ ఉంది. కైగా లోయవాసుల ప్రశ్న ఇక్కడ మరో రూపంలో వినిపిస్తుంది.

భారజలం కథ ఇంతకంటే నిబ్బరమైనది. ఖమ్మం జిల్లాలో, నేటి భద్రాద్రి కొత్తగూడెంలో, అశ్వాపురం వద్ద గోదావరి ఒడ్డున ఉన్న మణుగూరు కర్మాగారం 1991 నుంచి భారజలం తయారుచేస్తోంది. మామూలు నీటిలో భారజలం అత్యల్పం. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో నీటిని మళ్లీ మళ్లీ కలిపి, వేడి చేసి, చల్లార్చి, ఎత్తయిన స్తంభాలలో దాన్ని వేరు చేస్తారు. ఈ పనికి ఆవిరి విపరీతంగా కావాలి. అది పక్కనున్న సింగరేణి బొగ్గుతో వస్తుంది. బొగ్గును తప్పించుకోవడానికి కట్టిన రియాక్టరులో బొగ్గు సెగ తగిలిన నీరు ఉండడం విచిత్రమే. ఈ కర్మాగారం నిలదొక్కుకున్నాక భారజలం కొరత ఉండలేదు. పైగా ఎగుమతి కూడా సాగింది. రియాక్టరులో అదే భారజలం కొంతకాలానికి ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్‌ను పోగుచేసుకుంటుంది. 2009 నవంబరులో కైగా మొదటి యూనిట్ మరమ్మతుకు ఆగి ఉన్నప్పుడు తాగునీటి కూలరులో అటువంటి భారజలం కలిసింది. యాభై మందికి పైగా ఉద్యోగుల శరీరంలో ట్రిటియం కనిపించి, వారిని వైద్య పరిశీలనలో ఉంచారు. అది యంత్ర లోపం కాదు, లోపలి మనిషెవరో చేసిన పనేనని అధికారులు ప్రకటించారు.

6. 962 రోజులు

2016 మే 13న కైగా మొదటి యూనిట్ గ్రిడ్‌కు అనుసంధానమై ఉత్పత్తి మొదలుపెట్టింది. గుమ్మటం కూలిన నాటికి సరిగ్గా ఇరవై రెండేళ్లు. ఆ తేదీల కలయిక కేవలం యాదృచ్ఛికం. ఆ పరుగు 2018 డిసెంబరు 31 ఉదయం, ముందే నిర్ణయించిన నిర్వహణ పనుల కోసం ఆపేదాకా తెగలేదు. మొత్తం 962 రోజులు. ఆ కాలంలో ఉత్పత్తయిన విద్యుత్తు సుమారు 500 కోట్ల యూనిట్లు.

దారిలో రెండు మైలురాళ్లు ఉన్నాయి. 2018 అక్టోబరు 25న కెనడాలోని పికరింగ్ ఏడవ యూనిట్ పేరిట 1994 నుంచి ఉన్న 894 రోజుల రికార్డును, డిసెంబరు 10న ఇంగ్లండులోని హీషమ్ కేంద్రపు 940 రోజుల ప్రపంచ రికార్డును అది దాటింది. పికరింగ్ భారజల రియాక్టరు. హీషమ్ వాయువుతో చల్లబడేది. ఆగకుండా ఇంధనం మార్చుకోగల నిర్మాణం ఈ రెంటిలోనూ ఉంది. కైగా రికార్డు కూడా ఎంతోకాలం నిలవలేదు. 2020 సెప్టెంబరులో కెనడాలోనే ఉన్న డార్లింగ్టన్ మొదటి యూనిట్ దాన్ని దాటి, 2021 ఫిబ్రవరిలో 1106 రోజుల వద్ద ఆగింది. అదీ భారజల రియాక్టరే.

రికార్డు గొప్పదనాన్ని ప్రశంసించిన వార్తలు ఒక సంగతిని ప్రస్తావించలేదు. ఈ పరుగు 2001లోనో, 2008లోనో సాధ్యమయ్యేది కాదు. మొదటి తేదీన గ్రిడ్ అలజడి దాన్ని తుంచేసేది. రెండవ తేదీన ఇంధనం చాలేది కాదు. యంత్రం మూడు తేదీలలోనూ ఒకటే. 962 రోజులలో మూడు నైరుతి ఋతుపవనాలు గడిచాయి. 2016లో కర్ణాటకలో కరువు వచ్చి జలాశయాలు ఎండాయి. 2018 ఆగస్టులో కేరళ, కొడగు వరదల్లో మునిగాయి. వాన తక్కువైన ఏడాదిలోనూ, ఎక్కువైన ఏడాదిలోనూ ఆ యూనిట్ తన 220 మెగావాట్లను తాను ఇస్తూ పోయింది. అంకెను అతిగా చూడకూడదన్నదీ నిజమే. ఆ ఏళ్లలో దక్షిణాది గరిష్ఠ వాడకం నలభై వేల మెగావాట్లు దాటింది. 220 అన్నది అందులో సుమారు అర శాతం.

ఆ కరెంటులో తెలుగు రాష్ట్రాల వాటా మొదటి నుంచీ ఉంది. కేంద్ర రంగ అణువిద్యుత్తులో ఒక భాగం కేంద్రం చేతిలో ఉండి, మిగతాది ప్రాంతంలోని రాష్ట్రాలకు పంపకం అవుతుంది. కైగా నుంచి 400 కిలోవోల్టుల లైన్లు శిరసికి, ధార్వాడ దగ్గరి నరేంద్రకు వెళ్లి దక్షిణాది వలలో కలుస్తాయి. 2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు విద్యుత్తు వాటాలను గత ఏళ్ల వాడకాన్ని బట్టి తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతంగా పంచారు. తరువాత రెండు రాష్ట్రాల నడుమ విద్యుత్తు బకాయిల మీద వివాదాలు ఏళ్ల తరబడి నడిచాయి. కైగా వాటా మీద పెద్దగా తగవు వినిపించలేదు. ఏ గంటలో చూసినా అంతే ఉండే సరుకును పంచుకోవడం తేలిక.

7. మధ్యాహ్నపు మిగులు

కైగా రికార్డు పరుగు తీస్తున్న ఏళ్లలోనే దక్షిణాది గ్రిడ్ స్వభావం మారసాగింది. కర్నూలు జిల్లాలో 1000 మెగావాట్ల సౌర పార్కు, అనంతపురం సరిహద్దున ఉన్న కర్ణాటక పావగడలో 2050 మెగావాట్ల పార్కు నిర్మాణమయ్యాయి. ఇప్పుడు మిగులు అర్ధరాత్రి కాదు, మధ్యాహ్నం వస్తుంది. కొరత సూర్యాస్తమయం తరువాత వస్తుంది. పూర్వం కదిలేది వాడకం మాత్రమే. ఇప్పుడు ఉత్పత్తి కూడా కదులుతోంది.

ఈ పరిస్థితిలో నిలకడ విద్యుత్తు విలువ తగ్గిందా, పెరిగిందా అన్నది వివాదాస్పదం. ఎండ కాచే వేళ అందరికీ చాలినంత కరెంటు ఉండగా కైగా మాత్రం తగ్గకపోవడం బరువని కొందరి వాదం. భారజల రియాక్టరును రోజూ తగ్గించి పెంచడం జెనాన్ వల్ల కష్టం కనుక ఆ బరువును మరెవరో మోయాలి. ఆ పని బొగ్గు కేంద్రాల మీద, నాగఝరి వంటి జలకేంద్రాల మీద పడుతుంది. రాత్రి ఎనిమిది గంటలకు, గాలి పడిపోయిన వేసవిలో, జలాశయాలు అడుగంటినప్పుడు మిగిలేది నిలకడగా నడిచేదేనన్నది ఎదుటి వాదం. రెండు వాదాలూ తమ తమ గంటలకు నిజమే. పగటి మిగులును రాత్రికి మోసుకుపోగల జలాశయాలు, బ్యాటరీలు ఎంత పెరుగుతాయన్న దాన్ని బట్టి తీర్పు ఉంటుంది. శ్రీశైలం, నాగార్జునసాగర్ యంత్రాలకు రాబోయే పని ఇక్కడే ఉంది.

2017 మేలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పది స్వదేశీ రియాక్టర్లలో కైగా ఐదు, ఆరు యూనిట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి 700 మెగావాట్లు. పాత యూనిట్‌కు మూడు రెట్లకు మించిన పరిమాణం. వీటికి కూడా నీరు కద్రా నుంచే కావాలి, ఇంధన కట్టలు కావాలి, భారజలం కావాలి. కాళీ లోయలో ఈ విస్తరణ మీద అభ్యంతరాలు మళ్లీ లేచాయి. 2018 చివర బహిరంగ విచారణలో స్థానికులు అడిగిన వాటిలో అడవి, నది, నిర్వాసితుల ప్రశ్నలు మూడు దశాబ్దాల నాటివే.